ఎస్‌క్యూఎల్ నుంచి నాలెడ్జ్ గ్రాఫ్‌కి: ఏది ముందు నేర్చుకోవాలి, ఏది తర్వాత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బెంగళూరులో ఒక ఐటీ కంపెనీలో కొన్నేళ్లుగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష), ఈటీఎల్ (డేటాను ఒకచోటి నుంచి తీసి, మార్చి, ఇంకోచోట చేర్చడం) పని చేస్తున్నారు. ఇప్పుడు ఒక ఫార్మా క్లయింట్ నాలెడ్జ్ గ్రాఫ్ (వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ వలలా కలిపి ఉంచే డేటా) ప్రాజెక్టులో వేశారు. టీమ్‌లో ఒకరు ముందు ఆంటాలజీ (ఒక రంగంలోని భావనలకూ వాటి సంబంధాలకూ యంత్రం చదవగలిగే నిర్వచనాలు) కోర్సు చెయ్యమంటున్నారు. ఇంకొకరు నియో4జే అనే గ్రాఫ్ డేటాబేస్ వస్తే చాలంటున్నారు. మూడో ఆయన సెమాంటిక్ వెబ్ (వెబ్‌లోని సమాచారాన్ని యంత్రాలకు అర్థమయ్యేలా రాయాలన్న ఆలోచన) కథ ఎప్పుడో ముగిసింది, చాట్‌జీపీటీ లాంటివాటి వెనకుండే ఎల్‌ఎల్‌ఎంలు వచ్చాక ఇది నేర్చుకోవడం దండగ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందన్నారు.

నేను చాలాకాలంగా ఈ ఊళ్లోనే ఈ పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తుంటాను, వాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదట ఇతరులు తయారుచేసిన గ్రాఫ్‌ను ప్రశ్నించడం నేర్చుకోండి. తర్వాత మీ డేటాలో ప్రతి వస్తువుకూ సరైన గుర్తింపు ఇవ్వడం, ఆపైన ఆ డేటా బాగుందో లేదో తనిఖీ చెయ్యడం. ఆంటాలజీ చివరికి ఉంచండి. చాలా కోర్సులు ఈ వరుసను తలకిందులు చేసి, మొదటి వారంలోనే ఔల్ (ఆంటాలజీలు రాసే భాష) క్లాసులు, లాజిక్ సూత్రాలు మీద పోస్తాయి. తెలివైన పిల్లలు కూడా అక్కడే విసిగిపోయి వదిలేయడం చూశాను. ఈ రంగంలో అసలు కష్టం సింటాక్స్‌లోనో లాజిక్‌లోనో లేదు. ఈ నంబరు ప్రపంచంలో ఏ వస్తువును చూపిస్తోంది అన్న ఒక్క ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు రాబట్టడంలో ఉంది.

చరిత్ర ఎక్కువ అక్కర్లేదు. 1999లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ, డేటాను చిన్న వాక్యాలుగా రాసే ఆర్‌డీఎఫ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. 2001లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లస్సిలా కలిసి రాసిన వ్యాసంతో సెమాంటిక్ వెబ్ అన్న మాట అందరికీ చేరింది. వెబ్ మొత్తం యంత్రాలకు అర్థమయ్యే డేటాగా మారుతుందన్న ఆ పెద్ద ఆశ అలాగే నెరవేరలేదు, మీ మూడో ఆయన మాటలో ఆ మేరకు నిజముంది. కానీ 2006లో బెర్నర్స్-లీ రాసిన లింక్డ్ డేటా సూత్రాలు నాలుగూ ఇప్పటికీ రోజువారీ పనిలో ఉన్నాయి: ప్రతి వస్తువుకూ ఒక యూఆర్‌ఐ (వెబ్ చిరునామా లాంటి గుర్తింపు) ఇవ్వండి, అది హెచ్‌టీటీపీ యూఆర్‌ఐ కావాలి, దాన్ని తెరిస్తే పనికొచ్చే సమాచారం రావాలి, ఆ సమాచారంలో ఇతర వస్తువులకు లింకులు ఉండాలి. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టిన స్కీమా.ఆర్గ్ పదకోశం, 2012లో వచ్చిన గూగుల్ నాలెడ్జ్ గ్రాఫ్, అదే ఏడాది అక్టోబరులో మొదలైన, వికీపీడియాకు తోబుట్టువు లాంటి ఉచిత డేటా భాండారం వికీడేటా అన్నీ ఈ దారిలోవే. వంటల సైటులో రెసిపీ, జాబ్ సైటులో ఉద్యోగ ప్రకటన గూగుల్‌లో ప్రత్యేకంగా కనబడుతోందంటే, చాలాసార్లు ఆ పేజీ లోపల జేసన్-ఎల్‌డీ (జేసన్ రూపంలో రాసిన లింక్డ్ డేటా) ముక్క ఒకటి కూర్చుని ఉంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆర్‌డీఎఫ్‌లో డేటా అంతా మూడు ముక్కల వాక్యాలు. హిందూపురం, ఉన్న జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా. ఇది ఒక ట్రిపుల్. మొదటిది సబ్జెక్ట్, మధ్యది ప్రెడికేట్, చివరిది ఆబ్జెక్ట్. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లు దీన్ని సులువుగానే పట్టుకుంటారు: టేబుల్‌లో ఒక వరస, ఒక కాలమ్, అందులోని విలువ కలిస్తే ఒక ట్రిపుల్. తేడా ఎక్కడంటే, మీ టేబుల్‌లో ప్రైమరీ కీ 4721 ఆ ఒక్క డేటాబేస్ లోపలే చెల్లుతుంది. ఆర్‌డీఎఫ్‌లో సబ్జెక్ట్‌కు ఇచ్చే ఐఆర్‌ఐ (అన్ని భాషల అక్షరాలనూ ఒప్పుకునే యూఆర్‌ఐ) ప్రపంచమంతా ఒకే అర్థంతో చెల్లాలి.

వికీడేటాలో బెంగళూరు గుర్తింపు క్యూ1355, చెన్నైది క్యూ1352. మద్రాసు 1996లో చెన్నై అయింది, బ్యాంగలోర్ 2014లో అధికారికంగా బెంగళూరు అయింది. పేరు మారినా ఊరు అదే ఊరు. క్యూ నంబరు పేరు మీద ఆధారపడదు కాబట్టి అలాంటి మార్పు వస్తే లేబుల్ మారుస్తారు, నంబరు కదలదు, దానికి ముడిపడి ఉన్న లింకులేవీ తెగవు. వికీపీడియా నుంచి డేటా తీసిపెట్టే డీబీపీడియా మాత్రం అక్కడి వ్యాసం శీర్షిక నుంచి ఐఆర్‌ఐ తయారుచేస్తుంది. చదవడానికి అది హాయిగా ఉంటుంది, కానీ శీర్షిక మారితే గుర్తింపూ మారుతుంది. మీ క్లయింట్ దగ్గర మందు పేరుతో ఐఆర్‌ఐ చేద్దామా, అర్థం లేని నంబరుతో చేద్దామా అని చర్చ వస్తుంది, తప్పకుండా వస్తుంది. నా ఓటు ఎప్పుడూ నంబరుకే.

మొదటి కొన్ని వారాలు వికీడేటా క్వెరీ సర్వీస్‌లో గడపండి. బ్రౌజర్ చాలు, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఆర్‌డీఎఫ్ డేటాను ప్రశ్నించే భాష స్పార్కెల్. ఎస్‌క్యూఎల్‌లో ఏ టేబుల్‌ను ఏ కాలమ్ మీద జాయిన్ చెయ్యాలో చెప్తారు, స్పార్కెల్‌లో ఖాళీలున్న ట్రిపుల్స్ రాస్తారు, ఆ ఖాళీల్లో ఏవేవి సరిపోతాయో ఇంజిన్ వెతికి పెడుతుంది. సినిమాలంటే ఇష్టమైతే ఇలా మొదలుపెట్టండి: రకం సినిమా, మూల భాష తెలుగు, దర్శకుడు ఎవరో, ఆ దర్శకుడు పుట్టిన ఊరు ఏదో, ఆ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఏవో. ఐదు లైన్లు. ఫలితాన్ని అక్కడే మ్యాప్ మీద చూడొచ్చు. వికీడేటాలో వస్తువులకు క్యూ నంబర్లున్నట్టే సంబంధాలకు పీ నంబర్లుంటాయి: రకానికి పీ31, మూల భాషకు పీ364, దర్శకుడికి పీ57, పుట్టిన ఊరికి పీ19, స్థానానికి పీ625, తెలుగు భాషకు క్యూ8097. వేరియబుల్‌కి ?సినిమా, ?ఊరు అని తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు, స్పార్కెల్ వ్యాకరణం ఒప్పుకుంటుంది. నేర్చుకునే మొదటి రోజుల్లో అలా రాస్తే ఏ ఖాళీ దేనికో బుర్రలో నిలుస్తుంది.

ఈ ఒక్క ప్రశ్నతోనే చాలా పాఠాలు వస్తాయి. జానర్ కూడా అడిగారనుకోండి, ఒక సినిమాకి ఇద్దరు దర్శకులు, మూడు జానర్లు నమోదై ఉంటే ఆరు వరసలు వస్తాయి. జాయిన్‌లో వరసలు పెరిగిపోవడం మీకు అలవాటే కనుక భయపడరు. దర్శకుడి వివరం లేని సినిమాలు జాబితాలోంచి మాయమవుతాయి, అప్పుడు ఆప్షనల్ ఎందుకో తెలుస్తుంది, అది మీ లెఫ్ట్ జాయిన్. రకం సినిమా అని మాత్రమే అడిగితే, సినిమాలో ఒక ఉపరకంగా నమోదైనవి రావు. పీ31 తర్వాత పీ279 (ఉపరకం) మీదుగా ఎన్ని మెట్లైనా పైకి వెళ్లమని చెప్పే ప్రాపర్టీ పాత్ రాయాలి. దాన్ని ఆలోచించకుండా రాస్తే 60 సెకన్ల గడువు దాటిపోయి క్వెరీ ఆగిపోతుంది. టైమౌట్ వచ్చిన ప్రతిసారీ వదిలెయ్యకుండా ఏ లైను లెక్కను పెంచుతోందో ఒక్కొక్కటి తీసి చూడండి. పెద్ద గ్రాఫ్‌ల మీద పని చేసే చెయ్యి అలాగే తిరుగుతుంది.

ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ ప్రశ్నకు వచ్చిన లెక్క తెలుగు సినిమాల లెక్క కాదు. వికీడేటాలో ఎవరో ఒకరు నమోదు చేసిన తెలుగు సినిమాల లెక్క. లేని ట్రిపుల్ అబద్ధమైన ట్రిపుల్ కాదు. దీన్నే ఓపెన్ వరల్డ్ అంటారు. కింద మళ్లీ దీని దగ్గరికి వస్తాను, ఎస్‌క్యూఎల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇప్పుడు నేను కొత్తవాళ్లందరితో చేయించే అభ్యాసం చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అనంతపురం జిల్లాలోంచి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది, హిందూపురం అందులోకి వెళ్లింది. హిందూపురం అనంతపురం జిల్లాలో ఉంది అన్న ట్రిపుల్ నిజమా అబద్ధమా? 2022 ఏప్రిల్ 3 దాకా నిజం. కాబట్టి వాక్యానికి కాలం తగిలించాలి, కానీ మూడు ముక్కల్లో కాలానికి చోటు లేదు. వికీడేటా ఇక్కడ ప్రతి వాక్యానికీ విడిగా ఒక నోడ్ తయారుచేసి, దానికి మొదలైన తేదీ పీ580, ముగిసిన తేదీ పీ582 వంటి వివరాలు జతచేస్తుంది. మామూలుగా డబ్ల్యూడీటీ ప్రిఫిక్స్‌తో (పీ నంబరు ముందు రాసే పొట్టి గుర్తు) అడిగితే ఆ వివరాలు రావు, మెరుగైన ర్యాంకున్న విలువలే వస్తాయి. పీ, పీఎస్, పీక్యూ ప్రిఫిక్స్‌లతో వాక్యం నోడ్ లోపలికి వెళ్లాలి. ఇది వచ్చేదాకా వికీడేటా వచ్చిందనుకోకండి. ఆర్‌డీఎఫ్ 1.2లో తెస్తున్న ముఖ్యమైన మార్పు కూడా ఇలా వాక్యం గురించి వాక్యం చెప్పే పద్ధతే.

ఇంకా లోతుకు వెళ్దాం. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లా జనాభా సుమారు 40.8 లక్షలు. ఆ సంఖ్యను ఏ వస్తువుకు తగిలిస్తారు? ఇప్పటి అనంతపురం జిల్లాకు తగిలిస్తే తప్పు, అదే 2011 లెక్కల ప్రకారం ఇప్పటి హద్దుల్లో ఉన్నది సుమారు 22 లక్షలే. అయితే విడిపోక ముందు జిల్లాకూ విడిపోయాక జిల్లాకూ రెండు ఐఆర్‌ఐలు ఇవ్వాలా, ఒక్కటే ఉంచి హద్దులను కాలంతో మార్చాలా? దీనికి పుస్తకంలో జవాబు ఉండదు. ఆ డేటాతో ఎవరు ఏ ప్రశ్న అడుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్నికల లెక్కలు, వర్షపాతం, పథకాల ఖర్చు ఏళ్ల తరబడి పోల్చేవాళ్లకు రెండు వేరు కావాలి. కలెక్టరేట్ చిరునామా వెతికేవాళ్లకు ఒకటి చాలు. ఈ చర్చను తెల్లబోర్డు ముందు నిలబడి ఇద్దరు ముగ్గురితో ఒక్కసారి చేసి చూడండి. మోడలింగ్ అంటే ఏమిటో ఆ గంటలో తెలుస్తుంది.

మన బెంగళూరుదే కావాలంటే వార్డులు తీసుకోండి. 198 వార్డులుండేవి, 2022లో 243గా విభజించారు, 2023లో 225కు తెచ్చారు, 2025లో నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఎవరైనా ఎక్సెల్‌లో వార్డు నంబరు 50 అని పంపితే మీరు అడగాల్సిన మొదటి మాట, ఏ విభజన ప్రకారం 50?

మీది ఫార్మా కాబట్టి మందుల ఉదాహరణ కూడా చెప్పాలి, ఇది మీకు రేపే అక్కరకొస్తుంది. రెండు డేటాసెట్లను కలపడానికి ఔల్‌లో సేమ్‌యాజ్ అని ఒక ప్రెడికేట్ ఉంది. ఇటుపక్క వస్తువూ అటుపక్క వస్తువూ ఒక్కటే అని దాని అర్థం. పేర్లు దగ్గరగా కనబడగానే దాన్ని పెట్టేయడం కొత్తవాళ్ల అలవాటు. పారాసెటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, రెండూ ఒకే రసాయనం, అక్కడ సేమ్‌యాజ్ పెట్టొచ్చు. డోలో 650 మాత్రం పారాసెటమాల్ ఉన్న ఒక ఉత్పత్తి. దానికి తయారీదారు, మోతాదు, ధర ఉంటాయి. రసాయనానికి మోతాదు ఉండదు, ధర ఉండదు. ఎవరైనా డోలో 650 సేమ్‌యాజ్ పారాసెటమాల్ అని ఒక ఫైలులో, క్రోసిన్ సేమ్‌యాజ్ పారాసెటమాల్ అని ఇంకో ఫైలులో రాశారనుకోండి. రీజనర్ (రాసినదాని నుంచి కొత్త సంగతులు రాబట్టే ప్రోగ్రామ్) డోలో, క్రోసిన్ ఒక్కటే అని తేల్చేస్తుంది. ఒకదాని తయారీదారు రెండోదానికి అంటుకుంటారు, ధరలు కలగలిసిపోతాయి. పదార్థం, ఉత్పత్తి, ప్యాకెట్ అని మూడు స్థాయిలుగా విడదీసి, ఉత్పత్తిలో ఉన్న పదార్థం అని ఒక సంబంధం రాయడమే సరైన పద్ధతి. రెండు పదకోశాల మధ్య దగ్గర సంబంధం మాత్రమే చెప్పాలంటే స్కాస్ అనే పదకోశాల ప్రమాణంలో ఎగ్జాక్ట్‌మ్యాచ్, క్లోజ్‌మ్యాచ్ ఉన్నాయి. వాటి వల్ల ఒకదాని గుణాలు ఇంకోదానికి పోవు. సందేహం ఉన్న ప్రతిచోటా సేమ్‌యాజ్ జోలికి పోకండి. మన ఊళ్లలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు, తండ్రి పేరు, వీధి అన్నీ అడిగి గానీ ఏ వెంకటేశ్వర్లో తేల్చుకోం. డేటా కలిపేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

పనిముట్ల సంగతి చకచకా చెప్తాను. పైథాన్ వస్తే ఆర్‌డీఎఫ్‌లిబ్ అనే లైబ్రరీతో మొదలుపెట్టండి. సర్వర్ కావాలంటే అపాచీ జెనాలో ఫుసెకి ఉంది, ల్యాప్‌టాప్ మీద సులువుగా నడుస్తుంది. గ్రాఫ్‌డీబీ అనే డేటాబేస్‌కు ఉచిత వెర్షన్ ఉంది, గ్రాఫ్‌ను కళ్లతో చూసుకోవడానికి బాగుంటుంది. ఫైల్ ఫార్మాట్లలో టర్టిల్ నేర్చుకోండి, చేత్తో రాయడానికి అదే హాయి. పెద్ద ఫైళ్లకు ఎన్-ట్రిపుల్స్ వాడండి. ఒక లైనుకు ఒక ట్రిపుల్ కాబట్టి గ్రెప్, సార్ట్ లాంటి మీ పాత లినక్స్ కమాండ్లన్నీ పనిచేస్తాయి. ఏపీఐ వాళ్లతో మాట్లాడటానికి జేసన్-ఎల్‌డీ. ఆర్‌డీఎఫ్/ఎక్స్‌ఎంఎల్ ఎదురుపడితే మార్చుకుని ముందుకెళ్లండి, నేర్చుకోవడానికి సమయం పెట్టకండి. గజిబిజి ఎక్సెల్ షీట్లను శుభ్రం చేసి వికీడేటాతో జతచూడటానికి ఓపెన్‌రిఫైన్‌కు మించింది నాకు తెలిసి లేదు.

మీకున్న ఎస్‌క్యూఎల్ బలాన్ని నేరుగా వాడుకునే చోటు ఆర్2ఆర్‌ఎంఎల్. 2012లో వచ్చిన డబ్ల్యూ3సీ ప్రమాణం ఇది. ఏ టేబుల్‌లో ఏ కాలమ్ ఏ ప్రెడికేట్ అవుతుంది, ఐఆర్‌ఐ ఏ కాలమ్‌ల నుంచి ఎలా తయారవుతుంది అని ఒక మ్యాపింగ్ రాస్తారు. ఆన్‌టాప్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఆ మ్యాపింగ్‌ను చదివి, స్పార్కెల్ ప్రశ్న వస్తే దాన్ని అక్కడికక్కడ ఎస్‌క్యూఎల్‌గా మార్చి మీ పాత డేటాబేస్‌నే అడుగుతుంది. డేటా కాపీ చెయ్యక్కర్లేదు. మీ టీమ్‌లో ఆంటాలజీ కోర్సు చేసినవాళ్లకంటే మీరు ముందుండగలిగేది ఇక్కడే. ఐఆర్‌ఐ మాత్రం ఆటోఇంక్రిమెంట్ కీ నుంచి తయారుచెయ్యకండి. రేపు రెండో సిస్టమ్‌లో అదే నంబరుతో ఇంకో మందు ఉంటుంది.

ఇప్పుడు ఓపెన్ వరల్డ్, ఔల్. ఎస్‌క్యూఎల్‌లో నాట్ నల్ అని పెడితే విలువ లేని వరస లోపలికే రాదు. అదే అలవాటుతో ఔల్‌లో, ప్రతి మందుకూ కనీసం ఒక తయారీదారు ఉంటారు అని రాసి, తయారీదారు లేని మందును లోడ్ చేసి, రీజనర్ ఎర్రర్ ఇస్తుందని ఎదురుచూస్తారు. ఇవ్వదు. ఎవరో ఒకరు ఉన్నారు, ఎవరో నాకు ఇంకా తెలియదు అనుకుని ఊరుకుంటుంది. ఒక ఉద్యోగికి ఒకే మేనేజర్ అని ఫంక్షనల్ ప్రాపర్టీగా రాసి, ఇద్దరు మేనేజర్లున్న డేటా ఇస్తే తప్పు పట్టుకుంటుందనుకుంటారు. అది మాత్రం ఆ ఇద్దరూ ఒకే మనిషి అని తేలుస్తుంది, ఎందుకంటే వేర్వేరు పేర్లంటే వేర్వేరు మనుషులే అని మీరెక్కడా చెప్పలేదు. డొమైన్ కూడా అంతే. సూచించిన మందు అన్న ప్రెడికేట్‌కు డొమైన్ డాక్టర్ అని పెట్టి, పొరపాటున ఒక రోగి పేరు సబ్జెక్ట్‌గా వస్తే, ఆ రోగి డాక్టర్ అయిపోతాడు. ఔల్ వాక్యాలు తెలిసినదాని నుంచి కొత్తది రాబట్టడానికి. తప్పులు పట్టడం వాటి పని కాదు.

తప్పులు పట్టడానికి 2017లో షాకెల్ అనే ప్రమాణం వచ్చింది. ప్రతి మందుకూ తయారీదారు ఉండాలి, మోతాదు సంఖ్య అయివుండాలి, కోడ్ ఈ నమూనాలో ఉండాలి అని షేప్‌లు రాసి డేటా మీద నడిపిస్తే, ఏ నోడ్‌లో ఏ నియమం తప్పిందో రిపోర్టు ఇస్తుంది. ఆర్‌డీఎఫ్‌లిబ్‌తో పాటు పైషాకెల్ వాడుకోండి. కంపెనీ ప్రాజెక్టుల్లో వ్యాలిడేషన్ పని ఎక్కువ, రీజనింగ్ తక్కువ. కాబట్టి ఔల్ కంటే ముందు షాకెల్ నేర్చుకోండి.

అలాగని ఔల్ అక్కర్లేదని కాదు. ఫార్మా, వైద్య రంగంలో అది నిజంగా బరువు మోస్తోంది. స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశంలో మూడున్నర లక్షలకు పైగా భావనలున్నాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియాను ఏ అవయవానికి వచ్చింది, ఏ కారణం వల్ల వచ్చింది అని నిర్వచిస్తే చాలు. అది ఊపిరితిత్తుల వ్యాధుల కిందికీ, బ్యాక్టీరియా వ్యాధుల కిందికీ రావాలని రీజనర్ తనే తేలుస్తుంది. ఆ సంఖ్యలో భావనలను మనుషులు చేత్తో సర్దలేరు. భారతదేశం స్నోమెడ్ సభ్య దేశం, ఇక్కడ వాడకానికి లైసెన్సు ఫీజు లేదు, పుణెలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ ద్వారా అందుతుంది. స్పార్కెల్, షాకెల్ చేతికొచ్చాక ఆంటాలజీలు రాసే పనిముట్టు ప్రొటెజె తెరిచి ఇలాంటి చిన్న ఉదాహరణ ఒకటి కట్టి, రీజనర్ నడిపి చూడండి. అప్పుడు ఔల్ సూత్రాలు ఎండుగడ్డిలా అనిపించవు.

తెలుగు డేటా ముట్టుకునేవాళ్లకు రెండు చిక్కులు వస్తాయి, ఇంగ్లిష్‌లో రాసిన పాఠాల్లో ఇవి కనబడవు. భాష గుర్తు ఉన్న హైదరాబాద్, గుర్తు లేని హైదరాబాద్ ఆర్‌డీఎఫ్ దృష్టిలో రెండు వేర్వేరు లిటరల్స్ (ఐఆర్‌ఐ లేకుండా నేరుగా రాసిన విలువలు). ఫిల్టర్‌లో ఒకటి రాసి డేటాలో ఇంకోటి ఉంటే సున్నా ఫలితాలు వస్తాయి. రెండోది, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. అది ఉన్నదీ లేనిదీ ఒకటి కావు. లేబుళ్లను పోల్చేముందు రెండు వైపులా ఒకే పద్ధతికి తెచ్చుకోండి. వ్యవసాయం వైపు ఆసక్తి ఉంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వారి ఆగ్రోవాక్ పదకోశంలో తెలుగు లేబుళ్లు కూడా ఉన్నాయి, లింక్డ్ డేటాగానే దొరుకుతుంది. అభ్యాసానికి చాలా మంచి సరుకు.

నియో4జే సంగతి. అది ప్రాపర్టీ గ్రాఫ్, అందులో సంబంధాలకే నేరుగా తేదీల్లాంటి వివరాలు తగిలించొచ్చు, దాని భాష సైఫర్ హాయిగా ఉంటుంది. గ్రాఫ్ క్వెరీలకు జీక్యూఎల్ పేరుతో 2024లో ఐఎస్‌ఓ ప్రమాణం కూడా వచ్చింది. డేటా అంతా ఒకే కంపెనీలో ఉండి, మోసాల జాడ తీయడం, దగ్గరి దారులు వెతకడం లాంటి పనైతే నేనూ దాన్నే సూచిస్తాను. మీ క్లయింట్ బయటి పదకోశాలతో, భాగస్వామి సంస్థలతో, నియంత్రణ సంస్థలతో డేటా కలపాలనుకుంటే, ప్రపంచమంతా చెల్లే ఐఆర్‌ఐలు మొదటి నుంచీ ఉన్న ఆర్‌డీఎఫ్ వైపే మొగ్గాలి. ఫార్మాలో ఎక్కువగా రెండోదే జరుగుతుంది. క్లయింట్ అమెజాన్ నెప్ట్యూన్ వాడుతుంటే అందులో రెండు రకాలూ నడుస్తాయి, ఏది ఎంచుకున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

ఎల్‌ఎల్‌ఎంల విషయంలో మీ మూడో ఆయనతో నేను ఏకీభవించను. ఇప్పుడు నాలెడ్జ్ గ్రాఫ్‌లు అడిగేవాళ్లలో చాలామంది వాటి కారణంగానే అడుగుతున్నారు. మోడల్ ఇచ్చిన జవాబుకు ఆధారం చూపించాలి, నిన్న మారిన సంగతి ఇవాళ జవాబులో కనబడాలి, ఒక మందును ఇంకో మందుగా పొరబడకూడదు. ఈ మూడూ గ్రాఫ్ దగ్గర దొరుకుతాయి. స్పార్కెల్ రాయడానికి మోడల్ సాయం తీసుకోండి, నేనూ తీసుకుంటాను. అది సింటాక్స్ చక్కగా రాస్తుంది, క్యూ నంబర్లూ పీ నంబర్లూ మాత్రం చాలాసార్లు నమ్మకంగా తప్పు రాస్తుంది. క్వెరీ పరుగెడుతుంది, జవాబూ వస్తుంది, అది వేరే దేని గురించో అయివుంటుంది. అందుకే ప్రతి నంబరునూ తెరిచి చూడాలి, అసలు స్కీమానూ సరైన ఐఆర్‌ఐల జాబితానూ ముందుగా దానికి ఇచ్చి రాయించాలి. 2015లో హిందూపురం ఏ జిల్లాలో ఉంది అన్నది మంచి పరీక్ష. అది రాసిన క్వెరీలో తేదీల పట్టింపు ఉందో లేదో చూడండి.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ (డీఆర్‌టీసీ) ఉంది. 1962లో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ స్థాపించిన సంస్థ. ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు, 1933లో పుస్తకాలను విషయాల వారీగా అమర్చే కోలన్ వర్గీకరణ ప్రచురించారు. ఒక విషయాన్ని ఒకే పెద్ద చెట్టులో ఒక కొమ్మకు వేలాడదీయకుండా, దాన్ని విడివిడి ముఖాలుగా విడగొట్టి అవసరాన్ని బట్టి కలపాలన్నది ఆయన పద్ధతి. ఇది మీ ప్రాజెక్టుకు సరిగ్గా పనికొస్తుంది. ఫార్మా టీములు ఎప్పుడూ గుండె మందులు, దాని కింద మాత్రలు, దాని కింద పిల్లలవి అని లోతైన చెట్టు ఒకటి గీసుకుని వస్తాయి. అవయవం ఒక ముఖం, వ్యాధి ఒకటి, మందు రూపం ఒకటి, రోగి వయసు ఒకటి అని విడదీస్తే చాలా తక్కువ పదాలతో అదే పని అవుతుంది, రేపు కొత్త ప్రశ్న వచ్చినా చెట్టు పెకలించక్కర్లేదు. డీఆర్‌టీసీలో ఆంటాలజీ, సెమాంటిక్ వెబ్ మీద ఇప్పటికీ పరిశోధన జరుగుతోంది. అక్కడ బయటివాళ్లకు తెరిచే సెమినార్లు ఉంటే వెళ్లండి. ఆ రంగనాథన్ పరంపర మన ఊళ్లో ఉండగా, ఈ పని చేసే ఇంజనీర్లలో చాలామందికి ఆ పేరే తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఉద్యోగాల మాటకొస్తే, స్పార్క్ లేదా క్లౌడ్ డేటా ఉద్యోగాలంత సంఖ్యలో ఇవి ఉండవు, ఆ ఆశ పెట్టుకోకండి. వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఉన్న ఫార్మా, బ్యాంకింగ్, రిటైల్ కంపెనీల సొంత టెక్నాలజీ కేంద్రాల్లో నాలెడ్జ్ గ్రాఫ్ ఇంజనీర్, టాక్సానమిస్ట్, ఆంటాలజిస్ట్ అన్న పేర్లతో వస్తుంటాయి. ఆంటాలజీ ఒక్కటే వచ్చినవాళ్లకంటే ఎస్‌క్యూఎల్, పైథాన్, ఆర్2ఆర్‌ఎంఎల్, స్పార్కెల్, షాకెల్ కలిపి వచ్చినవాళ్లకు అక్కడ విలువ ఎక్కువ. అందుకే మీ పాత పని వదిలేశానని బాధపడకండి, దాని మీదే ఇది కడుతున్నారు. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ కంటే, మీరు సొంతంగా తయారుచేసి గిట్‌హబ్‌లో పెట్టిన చిన్న గ్రాఫ్ ఎక్కువ మాట్లాడుతుంది. పైన చెప్పిన జిల్లాల అభ్యాసాన్నే పూర్తిగా చెయ్యండి: 13 జిల్లాలు, 26 జిల్లాలు, నియోజకవర్గాలు, తేదీలు, వికీడేటాకు లింకులు, షాకెల్ షేప్‌లు, ఓ పది స్పార్కెల్ ప్రశ్నలు, ప్రతి నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రెండు పేజీల వివరణ.

క్లయింట్ పేరు, అసలు విలువలు తీసేసి, మీ ప్రాజెక్టులో ప్రధానమైన రెండు మూడు టేబుళ్ల కాలమ్ పేర్లు మాత్రం, అది కూడా మీ మేనేజర్ ఒప్పుకుంటే, ఇక్కడ పెట్టండి. దేనికి ఐఆర్‌ఐ ఇవ్వాలి, దేన్ని లిటరల్‌గా వదిలెయ్యాలి అన్నది కలిసి చూద్దాం.